పంక్చర్ బోర్డు మీద ఎడారి కొండలు

మావాడు ఫోన్‌లో పంపిన బొమ్మ చూసి ముందు స్క్రీన్ పాడైందేమో అనుకున్నాను. కొండలన్నీ ఉడుకుతున్న అంబలిలా పొర్లుతున్నాయి. మేఘాలేమో కర్రదుంగల్లా గట్టిగా ఉన్నాయి. వేసినాయన మార్స్‌డెన్ హార్ట్‌లీ, అమెరికావాడు. 1918, 19ల్లో న్యూ మెక్సికోలో ఉండి, ఆ ఎడారి కొండల్ని 1922, 23 ప్రాంతంలో బెర్లిన్‌లో కూర్చుని గుర్తు తెచ్చుకుంటూ వేశాడట. ఎదురుగా కొండే లేకపోతే ఇంక కొలతలెవడు అడుగుతాడు? కంటికి కనబడింది కాక లోపల మెదిలింది వేయడాన్ని ఎక్స్‌ప్రెషనిజం అంటారని మావాడే చెప్పాడు.

నేను విజయనగరంలో ఇరవై రెండేళ్లు బోర్డులు రాశాను. ఫ్లెక్సీలొచ్చాక ఇళ్లకు రంగులేస్తున్నాను. షెడ్డులో ఓ పాత రేకు బోర్డు, అడుగున మిగిలిన ఎనామిల్ డబ్బాలు ఉంటే ఆదివారం కూర్చున్నాను. ఎడారి చూళ్లేదు గానీ రామతీర్థం బోడికొండ తెలుసు. ఏప్రిల్ మధ్యాహ్నం ఆ నున్నటి రాయి దగ్గర నిలబడితే పొయ్యిలో మొహం పెట్టినట్టే.

ఎనామిల్‌తో చిక్కేంటంటే బ్రష్ గీత నిలవదు. ట్యూబు ఆయిల్ రంగు వెన్నలా ఉంటుంది, వెంట్రుకల చారలు అలాగే ఉండిపోతాయి. ఎనామిల్ తనంత తనే పరుచుకుని అద్దంలా అయిపోతుంది. తలుపుకి అది గుణం, కొండకి దోషం. మూత తీసి రెండు రోజులు వదిలేసి, పైన కట్టిన మీగడతో సహా కలిపి పూశాను. గరుకు వచ్చింది.

అంతకన్నా పెద్ద చిక్కు నా చెయ్యి. హార్ట్‌లీ కొండ అంచున నల్లగీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. నా గీత మాత్రం అక్షరానికి అవుట్‌లైన్ కొట్టినట్టు ఒకే మందం. నాలుగుసార్లు టర్పెంట్ గుడ్డతో తుడిచాను. ఐదోసారి ఎడమచేత్తో లాగాను. అదే ఉంచాను.

మా అమ్మ వచ్చి చూసి, "ఏటిరా బావూ, కొండలకి జొరమొచ్చిందేటి?" అంది. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఆరాక చూస్తే, పల్చగా వేసిన ఆకాశంలోంచి పాత రాత బయటికొస్తోంది. 'ఇచ్చట పంక్చర్లు వేయబడును'. నేను రాసిందే, ఎర్ర అక్షరాలు. పసుపు పూసి అన్నీ కప్పేశాను, 'పం'లో సున్నా తప్ప. చూసినవాళ్లంతా సూర్యుణ్ణి బాగా వేశావంటున్నారు.