కాకిని కూడా రాయాలా మేడమ్?

గుంటూరులో ఓ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని ఒకటి జరుగుతుంది. ఎవరున్నచోట వాళ్లు కనీసం 15 నిమిషాలు పక్షుల్ని చూసి, లెక్క రాసి, పక్షుల లెక్కలు పోగుచేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో పెట్టాలి. 1998లో అమెరికాలో మొదలైంది, 2013 నుంచి ప్రపంచమంతటా చేస్తున్నారు. పదో తరగతి జోలికి వెళ్తే మా హెడ్‌మాస్టారు ఊరుకోరు, పబ్లిక్ పరీక్షలు. అందుకని తొమ్మిదో తరగతి పిల్లల్ని గ్రౌండ్‌లోకి తీసుకెళ్లాను.

జనవరిలో వీళ్లని ఉప్పలపాడు చెరువుకి తీసుకెళ్లడమే నేను చేసిన తప్పు. తుమ్మచెట్ల నిండా గూడబాతుల్ని చూసొచ్చిన కళ్లకి స్కూలు గ్రౌండ్‌లో ఏం ఆనుతుంది? "కాకిని కూడా రాయాలా మేడమ్?" అని మొహాలు వేలాడేశారు.

రాయాలి. లిస్టు పంపేముందు ఈబర్డ్ ఒక మాట అడుగుతుంది: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా అని. అవునంటేనే, మనం రాయని పక్షి ఆ పావుగంటలో మనకి కనబడలేదని లెక్క. కాకిని చులకన చేసి వదిలేస్తే, మా లిస్టులో పిచ్చుక లేకపోవడానికీ అర్థం ఉండదు. అది నిజంగా లేదో, మేమే రాయలేదో ఎవరికి తెలుసు?

పేర్ల దగ్గర మాత్రం పిల్లలే నాకు పాఠం చెప్పారు. నేను బ్లాక్ డ్రాంగో అంటే ఒకమ్మాయి నవ్వేసింది. "పసులపోలిగాడు మేడమ్, మా నాయనమ్మ వాళ్ల గేదె మీద కూర్చుంటాడు." లకుముకి పిట్టని బుచ్చిగాడు అంటారట. మార్జిన్‌లో రాసుకున్నాను.

వెనకబెంచీ కుర్రాడొకడి కాగితంలో పాలపిట్ట ఉంది. వెంటనే తగువు మొదలైంది: అది మన రాష్ట్ర పక్షా, తెలంగాణదా? 2018లో మనం రామచిలుకకి మారామని సర్దిచెప్పేసరికి బెల్లు కొట్టారు. ఆ సంబరంలో, ఎక్కడ చూశావురా అని అడగడం మర్చిపోయి, సాయంత్రం నా ఫోన్లోంచి లిస్టు పంపేశాను.

మర్నాడు ప్రేయర్ అవగానే వాడు స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్, పాలపిట్ట కొట్టెయ్యండి."

"ఏరా?"

"మీరు సంతోషిస్తారని రాశా. నేను చూసింది పోలిగాణ్ణే."

ఫోన్ తీసి కొట్టేశాను. వాడు కదల్లేదు. నా భుజం మీంచి తొంగిచూసి, పోలిగాడు ఒకటి కాదు రెండని, అది కూడా మార్పించి వెళ్లాడు.