ముఖం కుడికి, కండరం ఎడమది: నా వైవా అనుభవం

నిన్న సాయంత్రం సప్లిమెంటరీ ఫలితాలు వచ్చాయి. ఫిజియోథెరపీ మొదటి సంవత్సరంలో మిగిలిపోయిన అనాటమీ గట్టెక్కింది. ఫీజు కట్టడంలోనూ, హాల్ టికెట్టు తెచ్చుకోవడంలోనూ, రాత పరీక్షలోనూ ఇబ్బందేమీ లేదు. మొదటిసారి నన్ను ఫెయిల్ చేసింది వైవా, అంటే నోటితో జవాబులు చెప్పే పరీక్ష, అందులోనూ తల, వీపు, భుజాల కండరాల మీద అడిగిన రెండు ప్రశ్నలు.

ఆ రోజు ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి నుంచి పరీక్షకుడిగా, వచ్చిన సారు బల్ల మీది స్కాపులా (భుజం రెక్క ఎముక) తీసి నా చేతికిచ్చారు. అది ఏ పక్కదో వెంటనే చెప్పి, దానికి అంటుకునే 17 కండరాల పేర్లనూ తడుముకోకుండా అప్పజెప్పాను. మా బ్యాచిలో అలా చెప్పగలిగినవారు మరొకరు లేరు. ఆయన అదేమీ పట్టించుకోకుండా, ముఖాన్ని కుడివైపు తిప్పి మెడ మీద చెయ్యి పెట్టుకోమని, ఏ పక్క స్టెర్నోమాస్టాయిడ్ (మెడ పక్కన ఏటవాలుగా ఉండే కండరం) బిగిసిందో చెప్పమన్నారు. నా వేళ్ల కింద ఎడమవైపు కండరం మోకులా లేచి ఉంది. అయినా ముఖం తిరిగింది కుడికి కాబట్టి లాగింది కుడిదే అయి ఉంటుందని, కుడిదన్నాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట అన్నాను. “చేతికి తగిలినదాన్ని కూడా నమ్మవా?” అని ఆయన గట్టిగా అనేసరికి వరుసలో నిలబడ్డ తోటివారు, ఎముకల పెట్టె సర్దుతున్న అటెండరుతో సహా, నవ్వారు. ఆ తరువాత చెయ్యి పైకెత్తడానికి ఏయే కండరాలు పనిచేస్తాయని అడిగినప్పుడు, భుజాన్ని కప్పి ఉండే డెల్టాయిడ్ అన్న ఒక్క మాట తప్ప నాకు గొంతు పెగలలేదు. బస్సు కర్నూలు చేరేదాకా ఎడమ మెడను పట్టుకునే కూర్చున్నాను.

ఆ స్టెర్నోమాస్టాయిడ్ రొమ్ము ఎముక పైభాగం నుంచి, కాలర్ ఎముక లోపలి భాగం నుంచి బయలుదేరి చెవి వెనకనున్న మాస్టాయిడ్ అనే ఎముక బొడిపెకు చేరుతుందని నాకు కంఠతా వచ్చు. ఎడమ చెవి వెనక భాగాన్ని ముందుకూ కిందికీ లాగితే ముఖం కుడికి తిరగక తప్పదని మాత్రం ఏడాదంతా పాఠం చెప్పినవారు ఒక్కసారైనా చూపించలేదు. రెండు కొనలూ తెలిసినప్పుడు పని దానంతటదే తెలియాలి. పట్టికలిచ్చి బట్టీ పట్టమన్నవారి మీద నాకింకా కోపం తగ్గలేదు.

మా నాయన కర్నూలు మార్కెట్ యార్డులో హమాలీ. ఒకనాడు అన్నం తీసుకువెళ్లి, ఆయన ఉల్లి బస్తాను వీపుకెత్తుకుని మూలలు పట్టుకోవడానికి చేతులు పైకెత్తడం చూశాను. తడిసిన బనియను కింద స్కాపులా కింది కొన పక్కకు, ముందుకు జారింది. ఇంటికి వచ్చాక ఆ కొన మీద నా బొటనవేలు ఆనించి, మెల్లగా చెయ్యెత్తమన్నాను. తొలి 15 డిగ్రీలు స్కాపులా పైభాగంలోని సుప్రాస్పైనేటస్, ఆపై డెల్టాయిడ్ అని చదివినదానికి తోడు, చెయ్యి భుజం ఎత్తుకు రాకముందే ఎముక నా వేలి కింద కదలసాగింది. మొత్తం 180 డిగ్రీలలో సుమారు 120 భుజం కీలులోనివైతే, మిగిలిన 60 ట్రపీజియస్ (మెడ నుంచి వీపు దాకా పరుచుకున్న కండరం) పై, కింది పోగులూ, పక్కటెముకల నుంచి స్కాపులాకు వచ్చే సెరేటస్ ఆంటీరియరూ కలిసి స్కాపులాను తిప్పడం వల్ల వచ్చేవని అప్పుడు బోధపడింది. “బస్తా ఆనేది వీపు మీద కాదు పాపా, మెడ మొదట్లో. ఆడ పట్టు చాలకపోతే మనిషి కూలబడతాడు” అని నాయన చూపిన చోటు ట్రపీజియస్ పైభాగమే.

హాస్టల్లో చేతులు మారే జిరాక్సు నోట్సు కొనవద్దు. జొన్నరొట్టె నములుతూ కణత మీద ఒక వేలు, దవడ మీద ఒక వేలు పెట్టి చూడండి, నమిలే కండరాలైన టెంపొరాలిస్, మసెటర్ ఇక మరచిపోరు. బుగ్గలోని బక్సినేటర్‌ను మాత్రం వాటితో కలపకండి. నమలడానికి సాయపడినా దాని నరం వేరు, ముఖ కండరాలను నడిపే ఫేషియల్, అక్కడే చాలామందిని పట్టుకుంటారు.

రెండోసారి వైవాకు పరీక్షకురాలిగా వచ్చిన మేడం, సెరేటస్ ఆంటీరియర్‌ను నడిపే లాంగ్ థొరాసిక్ నరం దెబ్బతింటే ఏమవుతుందని అడిగారు. ఆమె అనుమతితో రెండు అరచేతులూ గోడకు ఆనించి నెడుతూ, సెరేటస్ పట్టు తప్పితే ఈ భంగిమలో స్కాపులా లోపలి అంచు రెక్కలా పైకి లేస్తుందనీ, చెయ్యి తలపైకి పూర్తిగా లేవదనీ చెప్పాను. ఆమె ఇంకేమీ అడగకుండా ఎముకను పెట్టెలో పెట్టి, తరువాతి నంబరును పిలిచారు.