చేతి బరమాతో మూడు కాళ్ల పీట

క్యాంపులో కూర్చోవడానికి పీట ఒకటి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. రాయి మీద అరగంట కూర్చుంటే నడుము పట్టేస్తుంది. మడత కుర్చీ మోసుకెళ్లే ఓపిక నాకు లేదు. గొడ్డలి, రంపం, కత్తి ఎలాగూ వెంట ఉంటాయి కాబట్టి కర్ర నరకడానికీ, కోయడానికీ, చెక్కడానికీ లోటు లేదు. లేనిదల్లా గుండ్రటి బెజ్జం పెట్టే పనిముట్టు. ఒకసారి మొండిగా కత్తి మొనతోనే అంగుళం బెజ్జం తొలుద్దామని కూర్చున్నాను. సాయంత్రానికి వచ్చింది బెజ్జం కాదు, ఎలుక కొరికిన కన్నం. కాలు దూరిస్తే ఊగులాడింది.

అప్పటి నుంచి చేతి బరమా మీద మనసు పడింది. పాత రకాల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. ఇనుప కడ్డీ పైకొసన గొట్టంలాంటి కన్ను ఉంటుంది. అందులో అడ్డంగా ఒక కర్ర దూర్చి రెండు చేతులతో తిప్పడమే. 'స్కాచ్ ఐ' బరమా అంటారు దాన్ని. ఇందులో సుఖం ఏమిటంటే పిడిని మోసుకెళ్లక్కర్లేదు. ఇనుము సంచిలో పడేసుకుంటే చాలు, పిడికి కావాల్సిన కర్ర క్యాంపులోనే దొరుకుతుంది.

కొనడం కంటే చేసుకుందాం అనుకున్నాను. డ్రిల్లింగ్ మెషీన్‌కి పెట్టే 25 మిల్లీమీటర్ల మెలికల బిట్టు ఒకటి తెచ్చాను. దాని తోక, అంటే మెషీన్‌లో బిగించే కొస, ఆరు పలకలుగా ఉంటుంది. ఒక గట్టి కర్ర మధ్యలో బెజ్జం పెట్టి, తోకని అందులో దిగ్గొట్టి, ఎపాక్సీ జిగురు పోసి ఒక రోజు ఆరనిచ్చాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మొదటి దుంగ మీద నాలుగు చుట్లు తిప్పానో లేదో పిడి తిరుగుతోంది, బిట్టు తిరగడం లేదు. ఇంకాస్త గట్టిగా తిప్పితే పిడి నిలువునా చీలింది. తిప్పే బలమంతా సన్నటి తోక దగ్గర కర్ర మీదే పడుతుంటే జిగురు మాత్రం ఏం చేస్తుంది?

రెండోసారి వెల్డింగ్ తెలిసిన స్నేహితుడి దగ్గరికి వెళ్లాను. అరచేతి పొడవు కూడా లేని ఇనుప గొట్టం ముక్కని బిట్టు తోక మీద అడ్డంగా పెట్టి అతికిద్దామని ప్లాన్. వేడి కిందికి పాకితే అంచుల పదును పోతుందని బిట్టు కింది భాగానికి తడిగుడ్డ చుట్టాం. అతికించడం అయ్యాక ఎర్రగా ఉన్న దాన్ని చూసి నేను నీళ్ల బకెట్ దగ్గరికి జరిపాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒరేయ్, నీళ్లలో ముంచావంటే అతుకు పక్కనే పెళుసైపోతుంది. తిప్పేటప్పుడు టక్కుమని విరుగుతుంది. బూడిదలో పెట్టి నీ పని నువ్వు చూసుకో." బూడిదలో అది చల్లారేదాకా నాకు పనేం లేదు, దాన్ని చూస్తూ కూర్చోవడం తప్ప.

కన్ను గట్టిగానే నిలిచింది. ఈసారి పిడి జారలేదు, చీలలేదు. కానీ బరమా తిరగదు! మొన కర్రలోకి దిగగానే ఎవరో లోపలి నుంచి లాగినట్టు దిగిపోతుంది, అంచులు కర్రకి తగిలేసరికి బిగుసుకుపోతుంది. తిప్పలేక ఆయాసం. పిడి పొట్టిదైందేమోనని 60 సెంటీమీటర్ల కర్ర పెట్టాను. అది వంగింది. ఇంకా లావు కర్ర పెట్టాను. ఈసారి దుంగే తిరగడం మొదలెట్టింది. వారం రోజులు పిడులు మార్చడంతోనే సరిపోయింది.

చివరికి దాన్ని పట్టుకెళ్లి, చాలాకాలం చేత్తోనే పని చేసిన ఒక పెద్ద వయసు వడ్రంగి మేస్త్రీకి చూపించాను. ఆయన పిడి వైపు చూడనేలేదు. బిట్టు కొసని వెలుతురులోకి తిప్పి బొటనవేలి గోటితో గీరారు.

"బాబూ, ఈ మర చూశావా? మెషీన్ తొందరకి చేసిన మర ఇది. నీ చేతులకి అంత తొందర లేదు."

తన పెట్టెలోంచి తుప్పు పట్టిన పాత బిట్టు ఒకటి తీసి పక్కన పెట్టారు. అప్పుడు తేడా కనబడింది. బరమా కొసన ఉండే చిన్న స్క్రూలాంటి మొనే మొత్తం పనిముట్టుని కర్రలోకి లాగుతుంది. నా బిట్టు మొన మీద మరలు దూరదూరంగా, ఎత్తుగా ఉన్నాయి. ఒక్క చుట్టుకి ఎంత లోతు లాగితే అంత మందం పొట్టు అంచులు కోయాలి. మోటారుకి అది లెక్క కాదు, మనిషికి చాలా బరువు. పాత బిట్టు మొన మీద మరలు దగ్గరదగ్గరగా సన్నంగా ఉన్నాయి. కొద్దికొద్దిగా లాగుతుంది, పలచటి పొట్టు తీస్తుంది.

బెజ్జం వెడల్పు సంగతి కూడా అప్పుడే అర్థమైంది. పొట్టు మందం ఒకటే అనుకుంటే తిప్పడానికి కావాల్సిన బలం ఇంచుమించు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 18 మిల్లీమీటర్ల బెజ్జంతో పోలిస్తే 25 మిల్లీమీటర్ల బెజ్జానికి దాదాపు రెట్టింపు బలం కావాలి. మొదటి పనికే అంగుళం బెజ్జం ఎంచుకోవడం నా దురాశ.

ఆ పాత బిట్టుని మేస్త్రీ గారు నాకే ఇచ్చేశారు. దాని తోక మీద 16 అని అచ్చు ఉంది. 16 మిల్లీమీటర్లేమో అనుకున్నాను, కొలిస్తే అంగుళం వచ్చింది. పాత బరమా బిట్ల మీద అంకె అంగుళంలో పదహారో వంతుల లెక్క అట. 16 అంటే పదహారు పదహారో వంతులు, అంటే నిండు అంగుళం. 8 అంటే అరంగుళం. నా దురాశ మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

తుప్పు వదలడానికి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, తెల్లారి ఇనుప తీగల బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక నూనె రాశాను. ఇంక పదును పెట్టాలి. బిట్టు అంచు చుట్టూ రెండు కోరల్లాంటివి కిందికి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి ముందుగా గుండ్రంగా గీత కోస్తాయి. ఆ గీత లోపలి కర్రని రెండు అంచులు పైకి లేపుతాయి, మెలికలు ఆ పొట్టుని బయటికి మోసుకొస్తాయి. నేను చిన్న ఆకురాయి తీసుకుని కోర బయటి వైపు రుద్దబోయాను. మేస్త్రీ గారు "అది కాదు" అన్నారు, అంతే. బయట అరగదీస్తే కోరలు గీసే వలయం చిన్నదైపోతుంది, వెనకాల వచ్చే ఒళ్లు అందులో పట్టక బిగుసుకుంటుంది. కోరల్ని లోపలి వైపు నుంచే రుద్దాలి. కింది అంచుల్ని మాత్రం పిడి వైపు తిరిగిన ముఖం మీదే రుద్దాలి, రెండూ సమానంగా. ఒకటి ఎక్కువ అరిగితే పనంతా రెండోదే చేస్తుంది. మొన మర జోలికి పోకూడదు. సూదితో మట్టి తీయడం వరకే.

ఈ బిట్టు తోక నాలుగు పలకలుగా, పైకి సన్నబడుతూ ఉంది. అందుకని గొట్టం గోడకి ఆకురాయితో నలుచదరపు రంధ్రం చేసి, తోకని అందులో చీలలా దిగ్గొట్టి, ఆ తర్వాతే వెల్డింగ్ చేయించాను. తిప్పే బలం చాలావరకు చదరపు రంధ్రమే పట్టుకుంటుంది, అతుకు పని తోక ఊడి రాకుండా ఆపడం, అంతే. పిడిని 45 సెంటీమీటర్ల ఎండు కర్రతో, పికాసుకి పెట్టినట్టు, ఒక కొస లావుగా చెక్కి, సన్న కొస వైపు నుంచి కన్నులోకి లాగి బిగించాను. పచ్చి కర్రయితే రాత్రికి బిగుతుగా ఉండి రెండు రోజుల్లో వదులైపోతుంది. క్యాంపులో చేసుకున్న పిడి అలా వదులైతే మళ్లీ నేలకేసి కొట్టి బిగించుకోవడమే.

స్వీడన్‌లోని గాట్‌లాండ్ దీవిలో 1936లో పొలం దున్నుతుంటే మాస్టర్‌మిర్ అనే చోట వైకింగులనే పాతకాలపు ఉత్తర ఐరోపా నావికుల నాటి పనిముట్ల పెట్టె ఒకటి బయటపడింది. అందులోనూ బరమా బిట్లు ఉన్నాయి. వాటి కొస చెంచాలా ఉంటుంది, లాగే మర ఉండదు. మీద పడి నొక్కుతూ తిప్పాల్సిందే. రసెల్ జెన్నింగ్స్ అనే ఆయన అమెరికాలో 1855లో పేటెంట్ తీసుకున్న రెండు మెలికల బిట్టు దగ్గరికి వచ్చేసరికి మనిషి నొక్కే పని చాలావరకు మర మీదికి పోయింది. నా వారం రోజుల కుస్తీ తర్వాత ఆ చిన్న మర విలువ నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాతి క్యాంపులో గాలికి పడిన ఒక చెట్టు దొరికింది. దుంగని నడిమికి చీల్చి, 35 సెంటీమీటర్ల పొడవున, మందం 7 సెంటీమీటర్లు మిగిలేలా పలక తీశాను. మూడు కాళ్లే అనుకున్నాను. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు.

బరమా నిలబెట్టి రెండు చేతులా తిప్పాను. మొదటి రెండు చుట్లు మీద పడి నొక్కాను, మర పట్టుకున్నాక నొక్కడం మానేశాను. కోరలు గుండ్రంగా గీత గీయడం కనబడింది. తర్వాత పలచటి పొట్టు, కాగితం చుట్టల్లా, మెలికల వెంట పైకి పాకుతూ వచ్చింది. పచ్చి కర్ర వాసన. ఆ క్షణం కోసం రెండు నెలలు పట్టింది. నాలుగైదు చుట్లకోసారి అర చుట్టు వెనక్కి తిప్పి పొట్టుని తెంపాను. లేకపోతే మెలికల్లో అది ఇరుక్కుంటుంది. మొన మర చివర అవతలి వైపు గుండుసూదంత కనబడగానే ఆపి, పలక తిరగేసి, అటు నుంచి పూర్తి చేశాను. ఒకే వైపు నుంచి తోసుకుపోతే అవతల పెచ్చు లేచిపోతుంది.

మొదటి రెండు బెజ్జాలు ముచ్చటగా వచ్చాయి. మూడోది పలక చివరికి మూడు వేళ్ల దూరంలోనే గుర్తు పెట్టాను, కాలు బాగా బయటికి రావాలని. మర సగం దిగిందో లేదో చిటుక్కుమంది. మర కూడా ఒక రకం చీలేగా. నారల మధ్య దిగుతుంటే చివర్లో పట్టుకునేందుకు కర్ర లేక పగిలింది. ఆ పలకని పొయ్యిలోకి పంపి రెండో పలకతో మొదలెట్టాను. ఈసారి అరచేతి వెడల్పు వదిలి బెజ్జం పెట్టాను.

కాళ్లకి ఎండిన కొమ్మలు ఏరాను, పైగా వాటి పైకొసల్ని మంట పక్కన గంటసేపు ఆరబెట్టాను. పలక పచ్చిది, కాళ్లు ఎండినవి. పలక ఎండుతూ కాళ్ల చుట్టూ బిగుసుకోవాలని లెక్క. ఒక ఎండు ముక్కలో అదే బరమాతో నమూనా బెజ్జం పెట్టుకున్నాను. కాలి కొసని చెక్కి అందులో తిప్పి తీస్తే, ఎక్కడ గట్టిగా రాసుకుందో అక్కడ నల్లగా మెరుస్తుంది. ఆ మెరిసిన చోటే కత్తితో ఒక్క పొర తీయడం, మళ్లీ తిప్పడం. ఒక్కో కాలికి ఇరవై సార్లయినా చేసి ఉంటాను. విసుగొచ్చే పనే, కానీ పీట అంతా దీని మీదే నిలబడుతుంది.

కాళ్లు దిగ్గొట్టాక పైకొసలు చీల్చి చెక్క చీలలు కొట్టాను. ఆ చీలిక పలక నారలకి అడ్డంగా ఉండాలి. నారల వెంట పెడితే చీల పలకనే చీల్చేస్తుంది.

చీకటి పడేసరికి దాని మీద కూర్చుని టీ తాగాను. కాస్త ఎత్తెక్కువైంది. కాళ్లు కోద్దామనుకుని బద్ధకించాను.

కర్ర ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు. నారల పొడవునా దాదాపు కుంచించుకుపోదు, నారలకి అడ్డంగానే కుంచించుకుపోతుంది. అందుకే ఇప్పుడు నా పీట బెజ్జాలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డు ఆకారంలోకి తిరిగాయి. ఒక కాలి దగ్గర సన్నటి బీట కూడా పడింది. కాళ్లు మాత్రం కదల్లేదు. ఇప్పుడు 12 అంకె ఉన్న పాత బిట్టు కోసం వెతుకుతున్నాను, అంటే ముప్పావు అంగుళం.