తప్పు ఎక్కడుందో పిల్లలే పట్టుకునేలా: పియానో సాధకంలో నా అనుభవం

"ఈ వారం సాధకం ఎలా సాగింది?" అని అడిగితే ఎనిమిదేళ్ల పిల్లలు చెప్పేది ఒకటే: "బాగానే చేశాను మేడమ్." అందుకే ఆ ప్రశ్న మానేశాను. "ఏ బార్‌లో చెయ్యి ఆగింది? అప్పుడు ఏ వేలు మీదున్నావు?" అని అడుగుతున్నాను. (బార్ అంటే స్వరలిపిలో రెండు నిలువు గీతల మధ్య ఉండే చిన్న భాగం.) జవాబు చెప్పాలంటే ఇంట్లో వాయించేటప్పుడే చూసుకుని ఉండాలి మరి.

జి మేజర్ మినుయెట్ అనే నృత్య సంగీత రచననే తీసుకోండి. చాలాకాలం జర్మన్ స్వరకర్త బాఖ్ పేరు మీద చెలామణీ అయి, తర్వాత క్రిస్టియన్ పెట్‌జోల్డ్‌దని తేలిన 32 బార్ల రచన. పిల్లలు నాలుగో బార్ మొదట్లో, పై జి స్వరం దగ్గర తడబడతారు. తప్పు అక్కడ లేదు, మూడో బార్‌లో ఉంది. అక్కడ కుడిచెయ్యి సి, డి, ఇ, ఎఫ్ షార్ప్ అంటూ పైకి ఎక్కాలి. సి మీద బొటనవేలు పెడితే ఎఫ్ షార్ప్‌కి నాలుగో వేలు, జికి చిటికెనవేలు సరిగ్గా వస్తాయి. సిని రెండో వేలితో, అంటే చూపుడువేలితో, అందుకుంటే ఎఫ్ షార్ప్‌కే చిటికెనవేలు అయిపోతుంది, జికి వేలే మిగలదు. ఇది నేను చెబితే అప్పటికి దిద్దుకుంటారు, మర్నాడు మళ్లీ రెండో వేలే వస్తుంది. తామే కనిపెడితే గుర్తుంటుంది.

కనిపెట్టడానికి ఫోన్ చాలు. కుడిచేతి వేళ్లు కనబడేలా పెట్టి నాలుగు బార్లు మాత్రమే రికార్డు చేయించాలి. మొత్తం పాట రికార్డు చేస్తే పిల్లలు పాట విన్నట్టు వినేస్తారు, వెతకరు. మొదటిసారి కళ్లు మూసుకుని వినాలి: ఎక్కడ ఆగింది? రెండోసారి వేళ్లే చూడాలి. దొరికిన చోట పుస్తకంలో వేలి నంబరు (బొటనవేలు 1, చిటికెనవేలు 5) పెన్సిలుతో బిడ్డే వేసుకోవాలి. నేను వేసిన నంబర్లను వాళ్లు అసలు చూడరు.

తర్వాత చింతపిక్కలు. ఐదు పిక్కలు స్టాండుకి ఎడమవైపు పెట్టి, ఆ మూడు, నాలుగు బార్లు తప్పు లేకుండా వచ్చిన ప్రతిసారీ ఒకటి కుడివైపుకి జరపాలి. తప్పొస్తే ఒక్కటే వెనక్కి. ఐదూ వెనక్కి పెట్టిస్తే కంగారులో వేగం పెరుగుతుంది, కొందరు ఏడ్చేస్తారు కూడా. మెట్రోనోమ్‌ని (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల వేగంలో మొదలుపెట్టి, ఐదూ దాటాక 64. దాటాయా లేదా అన్నది బిడ్డే తేల్చాలి, అమ్మ కాదు.

ఇరవై నిమిషాల సాధకంలో చివరి రెండు నిమిషాలు నోట్‌బుక్‌కి. తేదీ వేసి మూడు ముక్కలు: ఏ బార్లు వాయించాను, ఎక్కడ ఆగింది, రేపు మొదట ఏది. ఇంకా రాయడం రాని చిన్నపిల్లలకు బార్ నంబరు ఒక్కటే చాలు. ఇక్కడ రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, నిమిషాల లెక్క రాయించడం. గడియారం చూస్తూ మొదటి లైను పదిసార్లు వాయించి లేచిపోతారు. రెండోది, తల్లిదండ్రులు ముచ్చటైన అక్షరాలతో తామే రాసిపెట్టడం. వంకరగా రాసినా పిల్లల రాతే కావాలని మొదటి క్లాసులోనే చెప్పేస్తాను. ఇంట్లో ఎవరైనా అడగాలనుకుంటే "ఈరోజు ఏం దొరికింది?" అని అడిగితే చాలు.

నా వైపు నుంచి ఒక నియమం ఉంది. నేను ఏ పాఠం అనుకుని వచ్చినా, క్లాసు ఆ నోట్‌బుక్‌లోని ఆఖరి లైనుతోనే మొదలవుతుంది. ఒక్క వారం దాన్ని తెరవకపోయినా మరుసటి వారం పేజీ ఖాళీగా వస్తుంది.