ఓటు ఒక్క పాటకి, ఉద్యోగం వారానికి ఎనిమిది ఆటలకి

మన టీవీ పాటల పోటీల్లో గెలిస్తే ట్రోఫీ, చెక్కు, అదృష్టం బాగుంటే ఒక సినిమా పాట దక్కుతాయి. 2006లో బీబీసీ వన్ మొదలుపెట్టిన పోటీలో గెలిస్తే దక్కేది ఉద్యోగం. ‘హౌ డు యూ సాల్వ్ ఎ ప్రాబ్లమ్ లైక్ మరియా?’ అనేది దాని పేరు. లండన్‌లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ సంగీత నాటకానికి నాయిక మరియా వేషం వెయ్యడానికి మనిషి కావాలి. నిర్మాతల్లో ఒకరైన సంగీతకర్త ఆండ్రూ లాయిడ్ వెబ్బర్ ఆ ఎంపికని ప్రేక్షకుల ఫోన్ ఓట్లకి వదిలేశారు. అది ఎంత బాగా ఆడిందంటే 2007లో బైబిల్ కథలోని జోసెఫ్ వేషానికి ‘ఎనీ డ్రీమ్ విల్ డు’, 2008లో ‘ఆలివర్!’లో నాన్సీకి ‘ఐడ్ డు ఎనీథింగ్’, 2010లో ‘ది విజర్డ్ ఆఫ్ ఆజ్’లో డొరతీకి ‘ఓవర్ ది రెయిన్‌బో’ వరసగా వచ్చాయి. అమెరికాలో ఎన్‌బీసీ, ఎమ్‌టీవీ అదే బాట పట్టాయి. ఐటీవీ 2023లో కూడా ‘మమ్మా మియా!’ కోసం ఇలాంటి పోటీ నడిపింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలేది ఒకటే. జనం ఓటు మంచి గొంతుని ఇట్టే పట్టేస్తుంది. ఆ గొంతులో వారానికి ఎనిమిది ఆటలు లాగే దమ్ము ఉందో లేదో చెప్పడం దాని వల్ల కాదు. ఆ దమ్ము కోసం చేసే ఏర్పాట్లన్నీ కెమెరాలు ఆగాక మొదలవుతాయి. ఈ టపా ఎక్కువగా వాటి గురించే.

టీవీలో అభ్యర్థి పాడేది ఒకటిన్నర, రెండు నిమిషాల ముక్క. పాటలో పైకి ఎగిసే చోటు, చివర సాగదీసే స్వరం తప్పకుండా ఉండేలా దాన్ని కోస్తారు. శ్రుతి ఆ మనిషి గొంతుకి ఎక్కడ హాయిగా ఉంటుందో అక్కడే పెడతారు. దాని మీద వారమంతా సాధన. కెమెరా ముఖానికి జానెడు దూరంలో ఉన్నట్టే కాబట్టి కళ్ళు చెమర్చినా ఇంట్లో కూర్చున్నవాళ్ళకి కనిపిస్తుంది. ఊపిరి చాలకపోయినా పర్వాలేదు, రెండు నిమిషాలేగా, ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేయొచ్చు.

రంగస్థలం మీద లెక్కలు వేరు. లండన్ నాటకశాలల పేట వెస్ట్ ఎండ్‌లో మామూలు పద్ధతి ఆరు సాయంత్రం ఆటలు, రెండు మ్యాట్నీలు. మ్యాట్నీ ఉన్న రోజు రెండున్నరకి ఒకటి, ఏడున్నరకి ఇంకొకటి. మధ్యలో తిని, కాసేపు గొంతు మూసుకుని, మళ్ళీ విగ్గు పెట్టించుకునేంత వ్యవధే ఉంటుంది. మరియా దాదాపు నాటకమంతా వేదిక మీదే ఉంటుంది: పాడాలి, పిల్లలతో గెంతాలి, తెర వెనక చీకట్లో గబగబా బట్టలు మార్చుకోవాలి. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ ఆడిన లండన్ పల్లాడియంలో 2,200కు పైగా సీట్లు. పై అంతస్తులో చివరి వరసకి ముఖం బొట్టంత కనిపిస్తుంది, అక్కడికి భావం చేరాలంటే భుజాలతో, నడకతో చెప్పాలి. మన పద్య నాటకాలు చూసినవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. మొదటి రంగంలోనే రాగం తీసి వన్స్ మోర్‌లు కొట్టించుకున్నాయన, అసలు పద్యం దగ్గరికొచ్చేసరికి బొంగురుపోతే ఆ రాత్రి ఆట పోయినట్టే.

శ్రుతి విషయంలోనూ చిక్కుంది. టీవీలో అయితే వారానికో రకంగా మార్చుకోవచ్చు. నాటకంలో ఒక పాటని అర స్వరం దించాలన్నా పిట్‌లో (వేదిక ముందు వాద్యబృందం కూర్చునే గుంటలో) ఉన్న ప్రతి వాద్యానికీ స్వరలిపి మళ్ళీ తయారుచెయ్యాలి. పైగా ముందు సంభాషణ కింద వినిపించే సంగీతం, తర్వాత అందుకునే బృందగానం దానితో ముడిపడి ఉంటాయి. ఒకసారి శ్రుతి ఖాయమయ్యాక, రేపు ఆ వేషం వేరేవాళ్ళు వేసినా మామూలుగా అదే శ్రుతిలో పాడాలి.

ఇంకో చిన్న విషయం, మైకు. సంగీత నాటకంలో చేతి మైకు ఉండదు. బియ్యపు గింజంత మైకుని విగ్గు అంచున నుదుటి మీదికి దింపుతారు, తీగ జుట్టు కిందుగా వీపు మీదికి పోతుంది, ట్రాన్స్‌మిటర్ నడుముకో విగ్గు లోపలో ఉంటుంది. నృత్యం అయ్యాక చెమట ఆ గింజలోకి దిగిందంటే గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు మూగబోతుంది. అందుకే ప్రధాన పాత్రలకి చాలాచోట్ల రెండు మైకులు కడతారు, ఒకటి మునిగితే సౌండ్ మనిషి రెండోదానికి మారతాడు.

ఇక గెలుపుకీ తొలి ఆటకీ మధ్య ఎంత వ్యవధి ఉందో చూడండి. కోనీ ఫిషర్ మరియాగా గెలిచింది 2006 సెప్టెంబరు 16న, నాటకం తెర లేచింది నవంబరు 15న. సరిగ్గా 60 రోజులు. లీ మీడ్‌కి ఇంకా తక్కువ: 2007 జూన్ 9న గెలిచాడు, జులై 17న అడెల్ఫీ థియేటర్లో జోసెఫ్‌గా దిగాడు, 38 రోజులు. అందులోనే సాధన, లైట్లు సెట్లతో సాంకేతిక సాధన, వాద్యబృందంతో కలిసి పాడుకోవడం, అధికారికంగా తెర లేవకముందే ప్రేక్షకుల ముందు ఆడే ప్రివ్యూలు అన్నీ ఇమడాలి. అతను తట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. పోటీకి వచ్చేముందే అతను వెస్ట్ ఎండ్ ‘ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా’ బృందంలో పనిచేస్తూ, రౌల్ పాత్రకి ప్రత్యామ్నాయ నటుడిగా ఉన్నవాడు. కోనీ కూడా టెలిసేల్స్ ఉద్యోగంలోంచి వచ్చిన అమ్మాయిగా తెర మీద కనిపించినా, మౌంట్‌వ్యూ అకాడమీలో నాటక శిక్షణ పూర్తిచేసిన మనిషి. ‘ఎవరో మామూలు అమ్మాయి’ అనే కథ టీవీకి కావాలి, నిర్మాతకి శిక్షణ ఉన్న గొంతు కావాలి. ఇద్దరికీ పనికొచ్చేవాళ్ళే చివరిదాకా మిగులుతారు. వేలమంది క్యూలో నిలబడ్డ దృశ్యాలు నిజమే కానీ, న్యాయనిర్ణేతల ముందుకి రాకముందే వాళ్ళలో ఎక్కువమందిని టీవీ సిబ్బంది, కాస్టింగ్ మనుషులు వడపోసేసి ఉంటారు.

బీబీసీ పోటీల ఓటింగ్‌లో ఒక తెలివైన ఏర్పాటు ఉండేది. అతి తక్కువ ఓట్లు వచ్చిన ఇద్దరు కలిసి ఒక పాట పాడతారు, వాళ్ళలో ఒకరిని లాయిడ్ వెబ్బర్ నిలబెడతారు. పాత్రకి సరిపోయే ఇద్దరు ఒకే తీరుగా ఉంటే ఓట్లు చీలి ఇద్దరూ అడుక్కి పోతారు, అలాంటప్పుడు ఒక్కరినైనా కాపాడుకునే కిటికీ ఇది. ఫైనల్‌లో మాత్రం ఆ కిటికీ మూసేస్తారు. ఓడినవాళ్ళని పంపే తంతు కాస్త క్రూరంగా ఉండేది. మరియాలు వీడ్కోలు పాట పాడుతూ వెళ్ళాలి. జోసెఫ్‌ల ఒంటి మీది రంగుల కోటు ఊడదీస్తారు. డొరతీలు కాళ్ళకున్న ఎర్ర చెప్పులు విప్పి లాయిడ్ వెబ్బర్ చేతికిచ్చి, చందమామ మీదెక్కి పైకి వెళ్ళిపోవాలి. కన్నీళ్ళతో ఉన్న పిల్లని చందమామ మీద కూర్చోబెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ!

జనం ఓటు తప్పు పోయిందని ఎక్కువ వాదన నడిచింది నాన్సీ విషయంలో. 2008 మే 31 ఫైనల్‌లో 28 ఏళ్ళ జోడీ ప్రెంగర్ గెలిచింది, 18 ఏళ్ళ జెస్సీ బక్లీ రెండో స్థానంలో ఆగింది. నిపుణుల మొగ్గు జెస్సీ వైపే కనిపించింది. తర్వాత ఆమె సినిమాల్లో ఆస్కార్ల దాకా వెళ్ళింది కాబట్టి ఇప్పటికీ ‘చూశారా’ అంటారు. నాకైతే జనమే సరిగ్గా చూశారనిపిస్తుంది. నాన్సీ ఎన్నో దెబ్బలు తిని, సారా కొట్లో నలుగురి చేతా పాడించగలిగే ఆడమనిషి. ఓటు వేసింది ఆ వేషానికి, ముందు ముందు ఎవరు గొప్ప నటి అవుతారన్నదానికి కాదు. అదే పోటీలో మూడో స్థానంలో నిలిచిన సమంతా బార్క్స్ 2012 ‘లే మిజరాబ్ల్’ సినిమాలో ఎపొనీన్ వేసింది, 2023 ‘మమ్మా మియా!’ పోటీలో న్యాయనిర్ణేతగా కూర్చుంది.

మళ్ళీ దమ్ము దగ్గరికి. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ మొదలైన కొద్దికాలానికే కోనీ వైద్యుల సలహా మీద కొన్నాళ్ళు ఆటలు మానాల్సి వచ్చింది. ఆ తర్వాత అదే టీవీ పోటీలో పాల్గొన్న ఈఫా మల్‌హాలండ్‌కి వారంలో కొన్ని ఆటలు అప్పగించారు. (కోనీ స్వరతంత్రుల్లో పుట్టుకతోనే లోపం ఉందని చాలా ఏళ్ళకి బయటపడింది, కాబట్టి నెపమంతా ఆటల మీద వెయ్యడం అన్యాయం.) తమాషా ఏమిటంటే, ఆ నాటకంలో ప్రివ్యూల దశలోనే తప్పుకోవాల్సి వచ్చింది టీవీ ఎంచిన అమ్మాయి కాదు, మామూలు పద్ధతిలో ఎంచిన, కథానాయకుడు కెప్టెన్ వేషధారి. సైమన్ షెపర్డ్ రెండు ప్రివ్యూల తర్వాత వెళ్ళిపోతే అలెగ్జాండర్ హాన్సన్ వచ్చారు.

ఇక్కడ ఎవరు ఏమిటో తెలుసుకుంటే మంచిది. ‘ఆల్టర్నేట్’ అంటే వారంలో ఫలానా ఆటలు తనవేనని ముందే ఖాయమైన నటి. ‘అండర్‌స్టడీ’ రోజూ చిన్న వేషమో బృందంలోనో ఉంటూ, నాయిక రాలేనప్పుడు ఎక్కుతుంది. ‘స్వింగ్’ బృందంలో చాలామంది స్థానాలు, అడుగులు నేర్చుకుని ఎవరు పడిపోతే వాళ్ళ చోట దూకుతుంది. నా లెక్కలో నాటకంలో అన్నిటికన్నా కష్టమైన ఉద్యోగం అదే. డొరతీ విషయానికి వచ్చేసరికి నిర్మాతలు పాఠం నేర్చుకున్నట్టే ఉంది. గెలిచిన డానియెల్ హోప్ అప్పుడే బడి చదువు దాటుతున్న పిల్ల. 2010 మేలో గెలిస్తే ‘ది విజర్డ్ ఆఫ్ ఆజ్’ తెర లేచింది 2011 మార్చి 1న. మూడో స్థానంలో వచ్చిన సోఫీ ఎవాన్స్‌ని మొదటినుంచీ ఆల్టర్నేట్‌గా పెట్టుకున్నారు.

అమెరికాలో కథ ఇంకోలా నడిచింది. ఎన్‌బీసీ ఓటింగ్‌లో గెలిచిన మ్యాక్స్ క్రమ్, లారా ఆస్నెస్‌లతో ‘గ్రీస్’ 2007 ఆగస్టు 19న మొదలై 2009 జనవరి 4 దాకా ఆడింది. లారా తర్వాత రెండుసార్లు టోనీ (అమెరికా నాటకరంగ అవార్డు) నామినేషన్ తెచ్చుకుంది. ఎమ్‌టీవీ ‘లీగల్లీ బ్లాండ్’ పోటీలో జనం ఓటే లేదు, నాటక బృందమే ఎంచింది. గెలిచిన బెయిలీ హ్యాంక్స్ 2008 జులై 23న నాయిక ఎల్ వుడ్స్‌గా దిగితే అక్టోబరు 19కల్లా నాటకమే మూతపడింది. ‘గ్రీస్’ కొత్తగా మొదలవుతున్న ఆట, ఇది అప్పటికే నడుస్తూ టికెట్లు తగ్గుతున్న ఆట. తగ్గుతున్న ఆటని పోటీ పెద్దగా లేపలేకపోయింది.

బ్రిటన్, అమెరికాల్లో ఉంటూ పిల్లల్ని ఇలాంటి ఆడిషన్లకి పంపే తెలుగువాళ్ళకి నాలుగు మాటలు. పాట మొత్తం పాడనివ్వరు, 16 లేదా 32 బార్లు (మన తాళం ఆవర్తం లాంటి కొలత) అడుగుతారు. సగటు వేగంలో 16 బార్లు అంటే అరనిమిషానికి అటూ ఇటూ. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అన్నది స్వరలిపి కాగితం మీద గట్టిగా గీత కొట్టి ఉండాలి. కాగితాలు విడివిడిగా ఇస్తే ఫ్యాను గాలికి పియానో మీంచి ఎగిరిపోతాయి, పక్కపక్కన అతికించి ఇవ్వండి. మీరు పాడే శ్రుతిలోనే ఉన్న ప్రతి తీసుకెళ్ళండి, ‘కొంచెం దించి వాయించండి’ అని అక్కడ అడగడం సూదిలో ఒంటెని దూర్చమన్నట్టే. వేగం చెప్పడానికి పియానో ఆయన ముందు చిటికెలు వెయ్యకండి, అది అక్కడ అమర్యాద. మొదటి వాక్యం మెల్లిగా పాడి వినిపిస్తే చాలు.

కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలకి శ్రుతిశుద్ధి, జ్ఞాపకశక్తి పుష్కలంగా ఉంటాయి. చిక్కు రెండు చోట్ల వస్తుంది. మొదటిది గమకం: స్వరం మీదికి జారుతూ వెళ్ళే అలవాటు, ఇక్కడ సూటిగా దాని మీద అడుగు పెట్టాలి. రెండోది, తంబూరా శ్రుతి ఆట అయ్యేదాకా కదలదు, ఈ పాటల్లో మాత్రం చివరి చరణానికి శ్రుతి ఒక మెట్టు పైకి లేవడం చాలా మామూలు. అక్కడ ఆధార షడ్జాన్నే వదలక పట్టుకున్న పిల్లలు తప్పుతారు. పియానోతో, శ్రుతి మారే చోటునే పదే పదే పాడించండి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లీషు మాటల చివరి హల్లుని మింగేసే అలవాటూ ఉంటుంది. బాల్కనీలో ఉన్నవాళ్ళకి మాట తెలిసేది ఆ హల్లుతోనే.

ఇంగ్లండ్‌లో పిల్లలు ఇలాంటి వృత్తి నాటకాల్లో ఆడాలంటే స్థానిక కౌన్సిల్ లైసెన్సు కావాలి. నిర్మాణ సంస్థ దరఖాస్తు పెడుతుంది, బడి ఒప్పుకోవాలి. ఆటకి 21 రోజుల లోపు అందిన దరఖాస్తుని కౌన్సిల్ తిప్పికొట్టవచ్చు. తల్లిదండ్రులు పక్కన లేనప్పుడు నమోదైన చాపరోన్ (పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మనిషి) ఉండాలి. ఎన్ని గంటలు, ఎన్ని రోజులు పనిచెయ్యొచ్చో పరిమితి ఉంది. ‘ఐడ్ డు ఎనీథింగ్’లో నాన్సీ ఒక్కరే అయినా ఆలివర్లు ముగ్గురు ఎంపికైంది ఇందుకే. ముగ్గురూ వంతులవారీగా ఆడాలి. మీ వాడికి వేషం వచ్చిందంటే వారమంతా థియేటర్లో ఉంటాడని కాదు, కుటుంబమంతా టికెట్లు కొనేముందు వాడి వంతు ఏ రోజో కనుక్కోండి.

పెద్దవాళ్ళ ఆటలకీ అంతే. టీవీలో చూసిన అమ్మాయి కోసమే వెళ్తున్నట్టయితే నాటకం వెబ్‌సైటులో ‘ఈ ఆటల్లో ఆమె ఉండదు’ అన్న చిన్న అక్షరాల వరస వెతకండి. సెలవులు, ఆల్టర్నేట్ రోజులు అక్కడే రాస్తారు. జబ్బు చేస్తే ఆ సంగతి ఆరోజు లాబీలోని బోర్డు మీద తెలుస్తుంది, అప్పుడు డబ్బు వెనక్కి రావడం కష్టం. అలాగని ఆల్టర్నేట్ రోజుని తప్పించుకోవాల్సిన పనీ లేదు. 2012లో డానియెల్ హోప్ వెళ్ళిపోయాక డొరతీ వేషం పూర్తిగా వెళ్ళింది అప్పటిదాకా వారానికోసారి ఆడిన సోఫీ ఎవాన్స్‌కే.