తెన్నేటి పార్కు ఎత్తు మీద ఎనిమిది సెకన్లు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

పిక్కలు ఇంకా సలుపుతున్నాయి. అయినా ఇవాళ్టి సంగతి ఇవాళే రాసుకోవాలి. రేపు ఆఫీసులో పడితే సగం మర్చిపోతాను.

పొద్దున్న ఐదింటికి విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి ముందు కలిశాం. ఎప్పటిలాగే ఐదుగురం: రిటైరైన సైన్సు మాస్టారు, పోర్టులో పనిచేసే అన్నయ్య, జాలరిపేట తమ్ముడు, ఫిజియోథెరపీ చేసే చెల్లి, నేను. పోయిన వారం మాస్టారు ఒక ప్రశ్న వేశారు. "ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరిగెత్తబోయేవాళ్ళకి ఎనిమిది సెకన్ల స్ప్రింటు దేనికమ్మా?" అని. ఇవాళ జవాబు చెబుతానని చెల్లి మాటిచ్చింది.

బీచ్‌రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం దాటకముందే మొదలుపెట్టింది. మన కండలో రెండు రకాల పోగులుంటాయట. స్లో ట్విచ్ పోగులు నెమ్మదిగా ముడుచుకుంటాయి కానీ గంటల తరబడి అలిసిపోవు. ఫాస్ట్ ట్విచ్ పోగులు బలంగా, వేగంగా లాగుతాయి, తొందరగా చేతులెత్తేస్తాయి. మొదటి రకంలో రక్తనాళాలు ఎక్కువ, ఆక్సిజన్ పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువ, అందుకే ఎర్రగా ఉంటాయంది.

"అంటే కోడికి తొడ ఎర్రగా, రొమ్ము తెల్లగా ఉండేది ఇందుకేనా?" అన్నారు మాస్టారు.

"అందుకేనండీ. నాటుకోడి రోజంతా నడుస్తుంది. రెక్కలు కొట్టేది ఏ కుక్కో తరిమినప్పుడు, గోడెక్కడానికి."

ఇక అంతే. పోగుల పాఠం అక్కడే ఆగిపోయింది. "మరి బ్రాయిలర్ కోడి ఏ రన్నింగ్ గ్రూపులో ఉంటాది?" అన్నాడు తమ్ముడు. "నీ గ్రూపులోనే, శనివారం రాత్రి బిర్యానీ తిన్నాక" అన్నాడు పోర్టన్నయ్య. తమ్ముడు ఊరుకుంటాడా? హార్బర్‌లో పుట్టి పెరిగినవాడు. కోడి సంగతి నాకెందుకు, చేప సంగతి చెబుతానన్నాడు. సూర చేప సముద్రంలో ఆగకుండా ఈదుతూనే ఉంటుంది, దాని మాంసం కోస్తే ముదురెరుపు. చందువ అలా కాదు, తెల్లగా ఉంటుంది. "అక్కా, మా అమ్మకి ఈ పేర్లేటీ తెలీవు గానీ, ఏ చేప ఎంత ఈదుతాదో కోసి చూపించి చెప్పేస్తాది" అన్నాడు. ఆ మాటకి చెల్లి పరిగెడుతూనే చప్పట్లు కొట్టింది.

అక్కణ్ణుంచి సూర పులుసులో చింతపండా, మామిడికాయా అని రెండు కిలోమీటర్లు వాదించుకున్నాం. లాసన్స్ బే ఎప్పుడు దాటామో నాకు గుర్తు లేదు. జోడుగుళ్ళపాలెం దగ్గరికొచ్చేసరికి కబుర్లు 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చి ఒడ్డెక్కిన బంగ్లాదేశ్ నౌక మీదికి మళ్ళాయి. పోర్టన్నయ్యకి ఆ నౌక పేరెత్తితే చాలు. అప్పుడు తెన్నేటి పార్కు దగ్గర రోడ్డంతా ఎలా జనంతో నిండిపోయిందో ప్రతిసారీ కొత్తగా చెబుతాడు. నేనూ ప్రతిసారీ కొత్తగానే వింటాను.

ఎత్తు మొదలయ్యే చోట చెల్లి ఆగి గడియారం చూసింది. "ఇప్పటిదాకా మనం చిన్న పోగులతోనే, అంటే స్లో ట్విచ్‌తోనే వచ్చాం. శరీరం ముందు వాటినే పిలుస్తుంది. బరువు పెరిగినప్పుడే పెద్దవాటిని లేపుతుంది. హెన్నెమన్ అనే ఆయన 1965లోనే దీన్ని వివరంగా చూపించాడు."

మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "పెళ్ళిలో వడ్డనలాగన్న మాట. నీళ్ళూ ఆకులూ కుర్రాళ్ళు చూసుకుంటారు. అన్నం గంగాళం దించాలంటేనే మేనమామల్ని కేకేస్తారు" అన్నారు. ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి.

ఆ మేనమామల్ని లేపడానికే ఈ స్ప్రింట్లు. ఎత్తు మీదికి ఎనిమిది సెకన్లు, ఉన్న బలమంతా పెట్టి. నడుచుకుంటూ కిందికి దిగి, రెండు నిమిషాలు పూర్తిగా తేరుకుని మళ్ళీ. మొత్తం ఆరు. ఆయాసం తీరకుండా మొదలుపెడితే దీని ఫలితం దక్కదని చెల్లి గట్టిగా చెప్పింది.

మొదటిసారి ఎక్కుతున్నప్పుడే తేడా తెలిసింది. ఆరు కిలోమీటర్లు నోరు మూయని ఐదుగురం ఒక్కసారిగా మౌనం. కింద రాళ్ళకి అలలు కొట్టుకునే చప్పుడు, మా బూట్ల చప్పుడు, అంతే. పైకెళ్ళాక మాస్టారు మోకాళ్ళ మీద చేతులాన్చి వంగారు. ముక్కు కొస నుంచి చెమట బొట్టు ఒకటి వేలాడి, వేలాడి, రోడ్డు మీద పడింది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డారు. సరిగ్గా నిమిషం గడిచాక తల ఎత్తి, "గంగాళం దించాం" అన్నారు. అప్పుడు తెలిసింది, ఆయన మళ్ళీ సిద్ధంగా ఉన్నారని. మా గుంపులో ఎవరు తేరుకున్నారో తెలుసుకోవడానికి ఏ వాచీ అక్కర్లేదు, ఎవరు ముందు జోకు వేస్తే వాళ్ళే.

నాలుగోది అయ్యాక తమ్ముడు జ్యోతి యర్రాజీని తలుచుకున్నాడు. మన విశాఖ అమ్మాయి, 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 12.91 సెకన్లలో పూర్తిచేసి రజతం తెచ్చింది. "మనకి ఎనిమిది సెకన్లకే ప్రాణం పోతంది, ఆ అమ్మాయి ఆ వేగంలో పది హర్డిల్స్ దాటాది" అన్నాడు. ఎవరం నవ్వలేదు. గర్వంగా అనిపించింది.

అప్పుడే చెల్లి నా వైపు తిరిగి, మెల్లగా అంది. "అక్కా, వయసు మీద పడుతుంటే ముందు సన్నబడేవి ఈ ఫాస్ట్ ట్విచ్ పోగులే. కాలు తట్టుకున్నప్పుడు చటుక్కున రెండో అడుగు వేసి నిలబెట్టేవి కూడా అవే."

అమ్మ పడింది కిందటి కార్తీకంలో. తులసికోట దగ్గర దీపం పెట్టి వస్తూ గడపకి కాలు తగిలింది. రెండో అడుగు పడలేదు. మణికట్టు విరిగింది. నేను వంటింట్లోనే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. అప్పట్నుంచి అమ్మ గడప దాటే ప్రతిసారీ నా చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. చెల్లికి ఇదంతా తెలుసు. ఐదోది, ఆరోది నేను ఎలా పరిగెత్తానో నాకే తెలీదు.

తిరుగు దారిలో పోర్టన్నయ్యకి తొడలు బరువెక్కాయి. మెల్లగా వెళ్తున్నా ఎందుకిలా అన్నాడు. చాలాసేపు పరిగెడితే స్లో ట్విచ్ పోగుల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ అడుగంటుతుందనీ, అప్పుడు నెమ్మది పరుగులో కూడా ఫాస్ట్ ట్విచ్ పోగులు సాయానికి దిగుతాయనీ చెల్లి చెప్పింది. లాంగ్ రన్ చివర్లో రెండింటికీ పని పడుతుందన్న మాట. ఒక రకాన్ని పూర్తిగా ఇంకో రకంగా మార్చడం సులువు కాదు గానీ, ఫాస్ట్ పోగులకి ఓపిక నేర్పొచ్చట.

"మరి మన కబుర్ల వల్ల ఈ పాఠం పాడైపోతోందేమో" అన్నాను.

"కబుర్లాడుతూ పరిగెత్తగలిగితేనే అది సరైన పేస్ అక్కా. పులుసు గురించి వాదించుకున్న రెండు కిలోమీటర్లూ ఇవాళ మనం బాగా పరిగెత్తినవి" అంది. ఆ మాటకి నాకు చెప్పలేనంత సంతోషమేసింది. ఈ నలుగురూ లేకపోతే నేను ఆ రోడ్డు మీద ఒంటరిగా పరుగు తీసి, ఆయాసపడి, రెండో వారానికే మానేసేదాన్ని.

తమ్ముడు హార్బర్‌కి వెళ్ళి సూర తెచ్చిచ్చాడు. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కోస్తుంటే పక్కన కూర్చున్నాను. ముక్క మధ్యలో, ముల్లుని ఆనుకుని, నల్లగా కనిపించేంత ఎరుపు. చుట్టూ ఉన్న మాంసం అంత ముదురు కాదు. "ఇదేనమ్మా రోజంతా ఈదే భాగం" అన్నాను. అమ్మ ముక్కని వెలుతురుకి ఎత్తి చూసింది. "పాపం, ఎంత తిరిగిందో" అంది. పులుసు చింతపండుతోనే పెట్టింది. తమ్ముడికి ఈ మాట చెప్పను.

సాయంత్రం చెల్లి చెప్పినట్టు అమ్మని కుర్చీలో కూర్చోబెట్టాను. కిటికీ ఊచ పట్టుకుని గబుక్కున లేవాలి, మెల్లగా కూర్చోవాలి. ఐదుసార్లు చేసింది. నేను పక్కనే చెయ్యి చాచి నిలబడ్డాను.

"చెయ్యి తియ్యి, అడ్డమొస్తోంది" అని, ఊపిరి పీల్చుకుని, ఆరోసారి లేచింది.