గరిటెను ఇంగ్లీషులో ఏమంటారు?

మా అమ్మాయికి సామోఫైల్ అంటే ఇసుక నేలల్లో బతికే మొక్క లేదా జీవి అని తెలుసు. ఆ మాట మొదట్లో పలకని ‘పి’ ఒకటి ఉంటుందనీ తెలుసు. 2023లో అమెరికా నేషనల్ స్పెల్లింగ్ బీ, అంటే పిల్లలు మాటల అక్షరాలు ఒప్పజెప్పే పోటీ, ఈ మాటతోనే ముగిసింది కాబట్టి, డాలస్ శివార్లలోని మా కాలనీ తెలుగు పిల్లల్లో చాలామందికి అది కంఠతా వచ్చు. గరిటెను ఇంగ్లీషులో ఏమంటారో మాత్రం మా అమ్మాయికి నిరుటి దాకా తెలియదు. చిల్లుల గిన్నె, అట్లకాడ, పట్టకారు, గొళ్ళెం, మడతబందు, ఇవన్నీ ఆమెకు తెలుగులోనే తెలుసు. బళ్ళో వంట నేర్పే గంటలో నూడుల్స్ వార్చడానికి “చిల్లులున్న గిన్నె ఇవ్వండి” అని ఇంగ్లీషులో అడిగిందట. టీచరుకు అర్థమైంది, గిన్నె వచ్చింది, పని జరిగింది.

ఈ సంగతి విని వాళ్ళ నాన్న కంగారు పడ్డారు. నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు. గరిటె మా ఇంట్లో ఉంది, మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. దాని ఇంగ్లీషు పేరు ఆ పిల్లకు ఎవరు చెప్పాలి?

టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ బియాలిస్టాక్, ఆమె సహచరులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. మూడేళ్ళ నుంచి పదేళ్ళ వయసున్న 1,738 మంది పిల్లలకు ఇంగ్లీషు మాటలు ఎంతవరకు అర్థమవుతాయో కొలిచారు. రెండు భాషల పిల్లలకు ఒకే భాష పిల్లలకంటే సగటున తక్కువ మార్కులు వచ్చాయి. ప్రవాసుల్లో చాలామంది ఈ వాక్యం దగ్గరే చదవడం ఆపేసి, ఆ రోజు నుంచే ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెడతారు. కానీ ఆరేళ్ళ పిల్లలు ఏయే మాటల దగ్గర వెనకబడ్డారో విడదీసి చూస్తే, తేడా చాలావరకు ఇంటి మాటల్లోనే కనిపించింది. బడి మాటల్లో ఇద్దరూ ఇంచుమించు సమానం.

ఇది చదివాక నాకు పెద్ద బరువు దిగినట్టయింది. మా అమ్మాయికి మూడేళ్ళున్నప్పుడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఒకావిడ మాకు ఎంతో దయగా సలహా ఇచ్చారు. ఆ దయకు లొంగిన స్నేహితుల పిల్లలు ఇప్పుడు అమ్మమ్మతో ఫోనులో “బాగున్నాను” దాటి మాట్లాడలేరు. వాళ్ళ ఇంగ్లీషు మా అమ్మాయి ఇంగ్లీషు కంటే ఏమైనా మెరుగా అంటే, అదీ లేదు.

అసలు పెద్ద మాటల మీద మనకింత మోజు ఎక్కడి నుంచి వచ్చింది? అమెరికాకు ఎమ్మెస్‌కు వచ్చిన నా తరం వాళ్ళందరూ జీఆర్ఈ అనే ప్రవేశపరీక్ష గడప తొక్కినవాళ్ళే. దానికి చదివే బారన్స్ పుస్తకంలో 3,500 మాటల జాబితా ఉండేది. హైదరాబాద్ హాస్టల్ గదుల్లో దాన్ని ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పట్టాం. గారులస్ అంటే వాగుడుకాయ అని గుర్తుండాలి కాబట్టి, గారెలు తింటూ వాగుతూనే ఉండే మనిషిని ఊహించుకున్నాం. అప్పటి పరీక్షలో మాటకు వ్యతిరేకార్థం అడిగేవారు. అందుకని ఒక్కో మాటనూ దాని శత్రువుతో సహా నేర్చాం, దాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలో మాత్రం నేర్వలేదు. 2011 ఆగస్టులో ఆ వ్యతిరేకార్థాల ప్రశ్నలను తీసేశారు. అప్పటికే మా తరం ఆ జాబితాతో సముద్రాలు దాటేసింది. దిగాక బస్సులో టికెట్టు అడగడానికి దానిలోని మాట ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆ బట్టీ అలవాటును మాత్రం పిల్లలకు ఆస్తిలా అప్పగిస్తున్నాం.

స్పెల్లింగ్ బీని నేను తక్కువ చేయడం లేదు. 1985లో బాలు నటరాజన్ గెలిచినప్పటి నుంచి ఆ వేదిక భారతీయ కుటుంబాలకు సొంతిల్లు లాంటిదైపోయింది. 2024 విజేత బృహత్ సోమ కుటుంబానిది నల్గొండ. రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ అమెరికా ఊళ్ళలో పోటీలు పెట్టి, భారతదేశంలోని పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. శనివారం ఉదయం ఆ పోటీలు జరిగే బడి వరండాలో కాసేపు నిలబడితే చాలు, సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. ఫ్లాస్కుల్లో కాఫీ, డబ్బాల్లో పులిహోర, పక్కింటి పిల్లవాడి మార్కుల ఆరా, అన్నీ ఉంటాయి.

నేషనల్ బీ వాళ్ళు చేసిన మార్పుల్లో నాకు నచ్చినది ఒకటుంది. 2013లో రాతపరీక్షలో మాటల అర్థాలు అడగడం మొదలుపెట్టారు. 2021 నుంచి వేదిక మీదే అర్థాలు అడుగుతున్నారు. అక్షరాలు ఒప్పజెబితే చాలదు, నాలుగు మాటల్లో అదేమిటో తెలిసి ఉండాలి. ఆ మరుసటి ఏడే మా టెక్సస్ అమ్మాయి, శాన్ ఆంటోనియోకు చెందిన హరిణి లోగన్‌కు పుల్యులేషన్ అనే మాట వచ్చింది. జతకట్టే పక్షులు గూడు కట్టుకోవడం అని ఆమె చెప్పింది. నిర్వాహకులు అనుకున్న జవాబు తేనెటీగలు ముసురుకోవడం. గంట కొట్టారు, ఆమె వేదిక దిగిపోయింది. తరవాత న్యాయనిర్ణేతలు నిఘంటువును మళ్ళీ తవ్వి, ఆమె జవాబూ చెల్లుతుందని తేల్చి వెనక్కి పిలిచారు. చివరికి ఆ ఏడు గెలిచింది ఆమే. ఆ పోటీకి ఆధారమైన నిఘంటువులో 4,70,000కు పైగా పదాలున్నాయి. దానిని ఆధారం చేసుకున్న పోటీలోనే ఒక మాటకు అర్థం ఇదొక్కటే అని గీత గీయడం అంత కష్టమైతే, అట్టముక్క మీద ఒక పక్క మాట, ఇంకో పక్క ఒకే ఒక్క అర్థం రాసి పిల్లలకు పట్టిస్తున్న మన మాటేమిటి?

అట్టముక్కలు మా ఇంట్లోనూ ఉన్నాయి. గ్రీకు, లాటిన్ ధాతువులు నేర్పడంలో లాభం ఉంది, సరదా ఇంకా ఎక్కువ ఉంది. అయితే అవి దారి తప్పిస్తాయి కూడా. పిల్లల డాక్టరును పీడియాట్రీషియన్ అంటారు, రోడ్డు మీద నడిచేవాళ్ళను పెడెస్ట్రియన్ అంటారు. అమెరికన్ రాతలో రెండూ ఒకే మూడక్షరాలతో మొదలవుతాయి. మొదటి దానిలోది గ్రీకు వాళ్ళ పిల్లవాడు, రెండో దానిలోది లాటిన్ వాళ్ళ పాదం. మా అమ్మాయి చాలా రోజులు పీడియాట్రీషియన్ కాళ్ళ డాక్టరే అని వాదించింది.

పిట్స్‌బర్గ్‌కు చెందిన ఇసబెల్ బెక్ అనే విద్యావేత్త మాటలను మూడు మెట్లుగా విభజించారు. అందరికీ తెలిసిన రోజువారీ మాటలు మొదటి మెట్టు. ఒక్కో శాస్త్రానికి పరిమితమైనవి మూడో మెట్టు. రిలక్టెంట్ (మనసొప్పక వెనకాడే), కోఇన్సిడెన్స్ (కాకతాళీయం) లాంటివి మధ్య మెట్టు. ఏ పాఠంలోనైనా ఎదురయ్యేవి, చదివేవాళ్ళకు నిజంగా పనికొచ్చేవి ఇవే. మన పిల్లల శనివారాలన్నీ మూడో మెట్టును కూడా దాటి ఏ మెట్టూ లేని చోటికి వెళ్తున్నాయని నా ఫిర్యాదు. ఈ మధ్య మాటలకు మా ఇంట్లో అర్థం అడగను, సందర్భం అడుగుతాను. “నువ్వు ఎప్పుడు రిలక్టెంట్‌గా ఉంటావు?” అంటే, “స్విమ్మింగ్‌కు వెళ్ళడానికి కాదు, నీళ్ళలోంచి బయటికి రావడానికి” అంది. అంతకంటే మంచి నిర్వచనం ఏ నిఘంటువులో ఉంటుంది?

తెనాలిలో ఉండే మా నాన్నగారు పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలను చింపి, కుట్టి కొత్త పుస్తకం చేసుకుంటారు. అమ్మాయి బడి వ్యాసంలో ఆయనను స్టింజీ అని రాసింది. కంప్యూటర్‌లోని పర్యాయపదాల జాబితాలో ఫ్రూగల్, స్టింజీ పక్కపక్కనే ఉన్నాయట, చిన్న మాట కదా అని రెండోది తీసుకుందట. “తాతయ్య పిసినారా, పొదుపరా?” అని అడిగాను. పిసినారి అన్న మాటకే దానికి రోషం వచ్చింది. వ్యాసం దిద్దుకుంది. తనను స్టింజీ అన్నట్టు తాతయ్యకు చెప్పవద్దని మాట కూడా తీసుకుంది.

2013లో గెలిచిన అరవింద్ మహంకాళి హైదరాబాదు మూలాలున్న న్యూయార్క్ కుర్రాడు. అంతకు ముందు రెండేళ్ళూ జర్మన్ మాటల దగ్గరే తప్పి మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. చివరికి గెలిపించిన మాట క్నేడల్, యూదుల ఇళ్ళలో చారులో వేసే ఒక రకం ఉండ. అప్పటికి దాన్ని అతను రుచి చూడనేలేదని పత్రికలు రాశాయి. మా అమ్మాయికి ఈ కథ బాగా నచ్చింది. యూదుల హోటలుకు తీసుకెళ్ళమని ఒకటే పోరు.

ఈ ఏడు తను స్పెల్లింగ్ పోటీకి పేరివ్వలేదు, అర్థాల పోటీకి మాత్రమే ఇచ్చింది. రాత్రిళ్ళు వాళ్ళ నాన్న చదివిస్తున్నారు. బారన్స్ చలవ వల్ల ఆయనకు అర్థాలన్నీ వచ్చు. మాటను మాత్రం కళ్ళతో తప్ప చెవులతో నేర్చుకోలేదు కాబట్టి, ఆయన పలికినప్పుడల్లా పిల్ల నవ్వడం, ఆయన ఫోనులో ఉచ్చారణ వెతుక్కోవడం, నేను లైటు ఆర్పమని అరవడం జరుగుతోంది.